మౌంటెన్‌బోర్డు పొడవుకు మనిషి ఎత్తొక్కటే కొలత కాదు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో మౌంటెన్‌బోర్డుల మీద, అంటే మట్టి, గడ్డి వాలుల్లో నిలబడి దిగే నాలుగు చక్రాల పలకల మీద, వచ్చిన వ్యాసం బాగుంది. 1990ల మొదట్లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎవరికి వారు విడివిడిగా రూపొందించుకున్న ఈ బోర్డు గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. పేచీ అంతా మనిషి ఎత్తును బట్టి బోర్డు పొడవు చెబుతూ చివర వేసిన పట్టికతోనే. ఐదడుగుల లోపు వాళ్లకు 90 సెంటీమీటర్లు, ఐదున్నర దాటితే 100, ఆరడుగులకు 110 అని ప్యాంటు సైజుల్లా తేల్చేశారు. బయటి నుంచి తెప్పించుకుని, తిప్పి పంపే దారిలేని వస్తువు ఇది. ఆ పట్టిక చూసి డబ్బు పెట్టేవాళ్లు ఇబ్బంది పడతారు.

మొదట, పొడవంటే ఏ పొడవో చూసుకోవాలి. బోర్డులు తయారుచేసే ఎంబీఎస్ కంపెనీ వాళ్ల కోల్ట్ 90, కాంప్ 95, ప్రో 97 పేర్లలోని అంకెలు పలక పొడవును సెంటీమీటర్లలో చెబుతాయి. నేల మీద బండి నడక మాత్రం ముందు ఇరుసు నడిమి నుంచి వెనక ఇరుసు నడిమికి ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. ఒకే పొడవు పలకల్లోనూ ట్రక్కులు (ఇరుసును పలకకు పట్టి ఉంచే భాగాలు) బిగించిన చోటును బట్టి ఈ దూరం మారుతుంది. కొనేముందు టేపుతో అదే కొలవాలి, లేదా అమ్మేవాడిని అడగాలి. కింద చెప్పేవన్నీ ఆ దూరం గురించే.

మౌంటెన్‌బోర్డు రెండు ఇరుసులూ తిరుగుతాయి. చాలా బోర్డుల్లో పలక కొసలు 35 డిగ్రీలు పైకి వంగి ఉంటాయి, ట్రక్కులు ఆ వాలు మీదే కూర్చుంటాయి. అందుకే మనం పక్కకు వాలితే చక్రాలు తిరుగుతాయి. పలక 15 డిగ్రీలు వాలిందనుకుందాం. ఇరుసుల మధ్య 90 సెం.మీ. ఉంటే సుమారు 2.5 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు వస్తుంది, 100 ఉంటే 2.75 మీటర్లు, 110కి 3 మీటర్లు. పది సెంటీమీటర్లు పెరిగితే మలుపు పావు మీటరుకు పైగా వెడల్పవుతుందన్నమాట. చెట్ల మధ్య ఇరుకు బాటలో ఆ పావు మీటరే దాటడానికీ గుద్దుకోవడానికీ తేడా. తెరిపి వాలులో మాత్రం అదే వరం: కాలు కాస్త తడబడినా పొడుగు బోర్డు ఉలిక్కిపడి తిరగదు.

ఇంతవరకు మీ వ్యాసమూ చెప్పింది. చెప్పనిది వంపు గురించి. పలక మందం, వెడల్పు, మనిషి బరువు మార్చకుండా, పాదాల మధ్య అర మీటరు ఎడం ఉంచి, ఇరుసుల దూరాన్ని 90 నుంచి 100కి పెంచితే బరువుకు పలక నడుము కిందికి దిగేది పదో వంతు కాదు, సగానికి సగం పెరుగుతుంది. పాదాలకూ ఇరుసులకూ మధ్య ఉన్న 20 సెం.మీ. 25 కావడమే దానికి పెద్ద కారణం. నడుము దిగినప్పుడు కొసలు ఇంకా పైకి లేస్తాయి. 100 సెం.మీ. బోర్డు నడుము 3 సెం.మీ. దిగితే ఒక్కో కొస మరో ఐదున్నర డిగ్రీలు లేచి 35 కాస్తా 40 దాటుతుంది. అప్పుడు అదే 15 డిగ్రీల వాలుకు మలుపు 2.75 మీటర్ల నుంచి దాదాపు 2.25కి పడిపోతుంది. అంటే వంగని గట్టి 90 బోర్డు కంటే ఈ పొడుగు బోర్డే ఇరుకుగా తిరుగుతుంది! నిలకడ కోసం పొడుగు కొని, ఆ నిలకడనే మెత్తదనంలో పోగొట్టుకోవడం ఇదే. కాబట్టి బరువైన మనిషికి ముందు కావలసింది గట్టి పలక, ఆ తర్వాతే పొడుగు. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో బోర్డులు తయారుచేసే ట్రాంపా వాళ్లు పలకలను వేర్వేరు బిగువుల్లో అమ్మేది అందుకే. ఎత్తు చూసి సైజు చెప్పే పట్టికలో బరువు గడి లేకపోతే అది సగం పట్టికే.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. టైర్లలో గాలి గట్టిగా కొట్టి, సిమెంటు నేల మీద బోర్డు పెట్టి, పలక నడిమి అడుగు నుంచి నేలకు ఎంతుందో కొలవండి. మనిషి బైండింగుల్లో (పాదాలను పలకకు పట్టి ఉంచే పట్టీల్లో) పాదాలు పెట్టి నిలబడ్డాక మళ్లీ కొలవండి. ఇరుసు దగ్గర ఎంత దిగిందో కూడా చూసి దాన్ని తీసేస్తే మిగిలేదే వంపు, ఎందుకంటే ఇరుసు దగ్గర దిగింది టైరు నొక్కుడు. వేగంగా వాలు దిగేవాళ్లకు 2 సెం.మీ. దాటకపోవడం మేలు. గడ్డి మీద తీరిగ్గా మలుపులు కొట్టేవాళ్లకు 3 ఉన్నా హాయిగానే ఉంటుంది. అసలు కొంత వంపు లేని బోర్డు మోకాళ్లను తినేస్తుంది. పలకను ముందే పైకి విల్లులా వంచి చేసి ఉంటే లెక్క కొంచెం సడలుతుంది.

కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పొడుగు బోర్డు సరిగా తిరగడం లేదని ట్రక్కు స్ప్రింగులు వదులు చేస్తారు. పాదానికీ ట్రక్కుకూ మధ్య పలక ఎంత పొడుగుంటే అంత మెలి తిరిగి, ఆ తర్వాతే ట్రక్కు కదులుతుంది. ఆలస్యం అక్కడ, మందు వేసేది ఇక్కడ. వదులు ట్రక్కుతో వేగం అందుకోగానే ముందు చక్రాలు కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలవుతుంది. బరువు వెనక కాలి మీద ఉంటే ఇంకా ఎక్కువ. మొదట రెండు బైండింగులనూ రంధ్రం చొప్పున రెండు వైపులా బయటికి జరపండి. అప్పటికీ చాలకపోతేనే స్ప్రింగు మర ముట్టుకోండి, అదీ ఒక్కోసారి అర చుట్టు, ఒక ట్రక్కులోని రెండు స్ప్రింగులకూ సమానంగా. ఒకటి బిగువు ఒకటి వదులైతే బోర్డు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

బైండింగుల దూరం ఎంతంటారా? ఉన్నచోటే పైకి ఎగిరి దిగి, పాదాలు వాటంతటవి పడిన ఎడం కొలవండి, మధ్య నుంచి మధ్యకు. మనిషి ఎత్తు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఆ ఎడానికి రెండు వైపులా 20 సెం.మీ. చొప్పున కలిపితే ఇరుసుల దూరం అటూ ఇటుగా వచ్చేస్తుంది. పొట్టి పిల్లాడికి 110 ఇస్తే పాదాలు ఇరుసులకు మరీ దూరమై ముందు చక్రాలు లేపలేడు. ఆరడుగుల మనిషికి 90 ఇస్తే పాదాలు ఇరుసుల నెత్తికెక్కి, రాయి తగిలిన ప్రతిసారీ దెబ్బ నేరుగా కాలికి వస్తుంది.

గాలిలో తిరిగే విన్యాసాలు చేసేవాళ్లకు పొట్టిదే మంచిది. బోర్డు బరువులో ఎక్కువ భాగం కొసల్లోని చక్రాలది, ట్రక్కులది కాబట్టి 90ని 100 చేస్తే తిప్పడానికి సుమారు నాలుగో వంతు ఎక్కువ శ్రమ. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్న మాట బోర్డులకూ సరిపోతుంది.

మన నేలకు సంబంధించి ఇంకో మాట. వాన కోసిన గండ్లు, పొలం గట్లు ఉన్నచోట పొడుగు బోర్డుకు పొట్ట తగులుతుంది. పలక కింద 10 సెం.మీ. ఖాళీ ఉంటే, 90 బోర్డు ఒక మీటరు వ్యాసార్ధపు గుండ్రటి గట్టును రాసుకోకుండా దాటేస్తుంది. 100కి మీటరుంపావు కావాలి. నడుము 3 సెం.మీ. దిగే 100కైతే దాదాపు మీటరూ ముప్పావు. గట్టు మీద పలక ఆనిందంటే చక్రాలు గాలిలో ఆగిపోతాయి, మనిషి మాత్రం ఆగడు.

పట్టికను మళ్లీ వేసే ఉద్దేశం ఉంటే దయచేసి ఎత్తు గడి పక్కన బరువు, పాదాల ఎడం, నేల రకం అని మూడు గడులు చేర్చండి. శీర్షికలో ‘బోర్డు పొడవు’ తీసేసి ‘ఇరుసుల మధ్య దూరం’ అని వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం