మందు వాడట్లేదంటే జబ్బు పోయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మెడికల్ కోడింగ్ (రోగి రికార్డులోని జబ్బులకి కోడ్ నంబర్లు వేసే పని) గురించి మన పేపర్లన్నీ రాస్తూనే ఉంటాయి, జీతం ఎంత, అమీర్‌పేటలో కోచింగ్ ఎన్ని నెలలు, ఇంతే. చార్ట్ (రోగి వైద్య రికార్డు) ఎలా చదవాలో మాత్రం ఎవరూ రాయట్లేదు, నా బాధ అదే.

ఫాలిక్యులర్ లింఫోమానే తీసుకోండి. లింఫ్ గ్రంథుల్లో మెల్లగా పెరిగే క్యాన్సర్ కదా, లక్షణాలు లేకపోతే చాలామందికి డాక్టర్లు వెంటనే కీమో పెట్టరు, స్కాన్లు బ్లడ్ టెస్టులు చూసుకుంటూ ఒక్కోసారి ఏళ్ల తరబడి అలాగే గమనిస్తారు. అమెరికా చార్టులు హైదరాబాద్‌లో కూర్చుని కోడ్ చేసే మన పిల్లలకి ఆ నోట్‌లో మందు పేరు కనపడదు, "స్టేబుల్" అని ఉంటుంది, ఇంకేముంది పాత జబ్బు అనుకుని, ఇలాంటి లింఫోమా ఒకప్పుడు ఉండి పోయిందని చెప్పే జెడ్85.72 కోడ్ వేసేస్తారు. చాలా తప్పండి అది. జబ్బు ఒంట్లోనే ఉంది, డాక్టర్ చూస్తున్నది దాన్నే, కోడ్ ఫాలిక్యులర్ లింఫోమాకి ఉన్న సి82లోనే ఉండాలి. రెమిషన్ (జబ్బు జాడలు తగ్గడం లేదా కనపడకపోవడం) అని డాక్టర్ రాసినా సి82 దాటకూడదు, దానికోసమే 2024 అక్టోబర్ 1 నుంచి చివర 'ఎ' ఉండే కోడ్లు విడిగా ఇచ్చారు. స్కాన్ క్లీన్‌గా ఉంది కదా అని రెమిషన్ అని మనమే అనేసుకోకూడదు, ఆ మాట డాక్టర్ రాయాలి.

మెడలో, చంకలో, గజ్జల్లో గడ్డలుంటే పాకింది అనుకుని, వేరే చోట పుట్టిన క్యాన్సర్ లింఫ్ గ్రంథులకి చేరితే వాడే సి77 వేసేవాళ్లూ ఉన్నారు. లింఫోమాకి అది వర్తించదు, చాలా చోట్ల ఉందని ఐదో అక్షరంగా 8 వేస్తే సరిపోతుంది. ఇంకోటి, ఓపీ నోట్‌లో "సస్పెక్టెడ్ లింఫోమా" అని మాత్రమే ఉంటే క్యాన్సర్ కోడ్ వేయకూడదు, గడ్డల వాపుకి ఆర్59 ఉంది. బయాప్సీలో తేలకముందే ఒక మనిషి రికార్డులో క్యాన్సర్ అని ఎక్కితే దాన్ని తీయించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

తప్పంతా కోడర్లదే అనను, డాక్టర్ గ్రేడ్ రాయడు, ఎక్కడుందో రాయడు, చివరికి ఆ వివరాలేవీ లేని సి82.90 మిగులుతుంది. అప్పుడు డాక్టర్‌కి క్వెరీ (వివరం అడిగే రాతపూర్వక ప్రశ్న) పంపాలి, అదీ జవాబు మనమే అందించినట్టు కాకుండా అడగాలి. కానీ గంటకి ఇన్ని చార్టులు అని టార్గెట్ పెడితే క్వెరీ రాసే టైమ్ ఎక్కడిది? క్వెరీలో పెట్టిన చార్ట్‌ని టార్గెట్ లెక్కలోంచి తీసేయాలని టీమ్ లీడర్లని అడుగుతున్నా. మీ కెరీర్ పేజీలో కూడా వారానికి ఒక చార్ట్, పేరు ఊరు తీసేసి, కోడ్ ఎందుకు అదే అయిందో వివరంగా వేయండి సార్.

ఇట్లు,
ఒక కోడింగ్ ఆడిటర్, హైదరాబాద్