'మందు తాగి' అంటే ఏ మందు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

వానాకాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో 'మందు తాగి వ్యక్తి మృతి' వంటి శీర్షికలు కనిపిస్తుంటాయి. ఆ మనిషి తాగింది మద్యమో పురుగుమందో వార్త చివరిదాకా చదివితే గానీ తెలియదు. ఒక్కోసారి చదివినా తెలియదు. పత్తి, మిరప వేసే రైతుగా ఈ విషయం మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

మా ఊళ్లలో జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, యూరియా చల్లినా మందు చల్లామనే అంటాం. తాగేదీ మందే, రాళ్లు పేల్చేదీ మందే. 'మందు కొడుతున్నాడు' అంటే వీపున పంపు తగిలించుకుని చేలో ఉన్నాడనీ కావచ్చు, సీసా ముందేసుకుని కూర్చున్నాడనీ కావచ్చు. బలం మందు బలాన్నిస్తుంది, గడ్డి మందు గడ్డిని చంపుతుంది. 'గుళికలు' అని అడిగితే ఆయుర్వేద దుకాణంలో ఇచ్చేది ఒకటి, ఎరువుల దుకాణంలో ఇచ్చేది వరికి చల్లే విషం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు చోటును బట్టి, మనిషిని బట్టి అర్థమైపోతుంది. ఫోనులోనూ అచ్చులోనూ ఆ ఆసరా ఉండదు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం మా అన్న కొడుకు ఫోను చేసి, "తాత మందు తాగి పడిపోయిండు బాబాయ్" అన్నాడు. మా పెదనాన్నకు పొద్దుగూకాక కొంచెం తాగే అలవాటుంది కనుక, పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పి, చేతిలో పని ముగించుకునే బయలుదేరాను. వెళ్లేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, నోటి వెంట నురగ కారుతోంది, కంటిపాపలు ఆవగింజల్లా అయిపోయాయి. మిగిలిన పురుగుమందును ఎవరో కూల్‌డ్రింకు సీసాలో పోసి గట్టున పెడితే, దాహానికి అదే ఎత్తుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట "డబ్బా తెచ్చారా?" అని. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులకు అట్రోపిన్ అనే ఔషధం విరుగుడుగా పనిచేస్తుంది. పారాక్వాట్ అనే గడ్డి మందుకు విరుగుడే లేదు. ఏది తాగారో తెలియకుండా వైద్యం ఎలా చేస్తారు? పెదనాన్న బతికారు. ఆ ముప్పావు గంట ఆలస్యానికి కారణం మాత్రం ఆ ఒక్క మాటను నేను విన్న తీరే.

మాట మారిస్తే అర్థం తేటపడుతుందనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఆస్తమా రోగులకు పంచేదాన్ని ఒకప్పుడు చేప మందు అనేవారు. అది మందెలా అవుతుందన్న అభ్యంతరాలు వచ్చాక చేప ప్రసాదం అంటున్నారు. మద్యం, పురుగుమందు, గడ్డిమందు, ఔషధం, ఎరువు అని దేనికదిగా చెప్పే మాటలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. శీర్షికలో చోటు చాలదనుకోవడానికీ లేదు, 'మద్యం' అన్న మాట 'మందు' కంటే పెద్దదేమీ కాదు. ఆత్మహత్య వార్తల సంగతి వేరు: వాటిలో పద్ధతిని వివరించకూడదని ప్రెస్ కౌన్సిల్ 2019లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి, అక్కడ ఏ మందన్నది రాయకపోవడమే మంచిది. నేను అడుగుతున్నది ప్రమాద వార్తల గురించి.

పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం. పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసలో తీవ్రత తగ్గుతుంది. ఆకుపచ్చ ఉంటే ప్రమాదం లేదనుకునేవారిని మా ఊళ్లో చాలామందిని చూశాను, అదీ విషమే. ఆ గుర్తును రంగుల్లో మీ వ్యవసాయ పేజీలో ఈ సీజన్‌లోనే ఒకసారి అచ్చు వేయాలనీ, ప్రమాద వార్తల్లో ఏ మందో పేరు పెట్టి రాయమని మీ విలేకరులకు సూచించాలనీ, 108కి ఫోను చేసేవారు 'మందు' అని ఊరుకోకుండా డబ్బా మీది పేరు చదివి చెప్పాలన్న మాటను అలాంటి ప్రతి వార్త కిందా ఒక వాక్యంగా చేర్చాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
ఖమ్మం జిల్లా