కొంగు ముడిలో మాత్రలు

చిరంజీవి రవికి, అమ్మ ఆశీస్సులు.

దాళ్వా కోతలు అయిపోయాయి. కాలువ కట్టేశారు, బోరు నీళ్లకు పప్పు ఉడకడం లేదు. నాన్నగారి దగ్గు తగ్గింది. నువ్వు ఫోను చేసి ఇరవై రోజులైంది. మీ అత్తయ్యను హైదరాబాదులో పెద్ద హోముకు మారుస్తున్నావని సత్యవతి పిన్ని చెప్పింది. నేను నమ్మలేదు. నిజమైతే ముందు నాకు చెప్పేవాడివి కదా.

ఆవకాయ కలిపాను. నీ జాడీ విడిగా ఉంచాను.

శనివారం అమలాపురం వృద్ధాశ్రమానికి వెళ్లి అత్తయ్యను చూశాను. పాదాలు వాచిపోయాయి, బీపీ 180/100. మందులు వేళకు ఇస్తున్నామని ఆయా చెప్పింది. అబద్ధం కాదు, ఇస్తోంది. ఏఎన్ఎంగా ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగినదాన్ని, మాత్ర చేతికివ్వడం వేరు, కడుపులోకి వెళ్లడం వేరని నాకు తెలుసు. తల దువ్వుతూ కబుర్లలో పెడితే చివరికి కొంగు ముడి విప్పింది. పదకొండు మాత్రలు, అన్నీ ఒంట్లో నీరు తీసేవే. సాయంత్రం ఇస్తున్నారట. వేసుకుంటే రాత్రంతా లేవాలి, మరుగుదొడ్డి వరండా ఆ చివర ఉంది. చేయి పట్టుకోమని కాపలా కుర్రవాణ్ని అడగడానికి సిగ్గు. మంచినీళ్లు కూడా మానేసింది. "వాడు డబ్బు కడుతున్నాడు, ఇంకా ఏం విసిగించను వదినా" అంది. మాత్ర పొద్దున ఇవ్వమని డాక్టరుతో చెప్పించి, మంచం మరుగుదొడ్డి పక్క గదికి మార్పించాను.

ఈ బీపీ ఆశ్రమంలో పుట్టింది కాదు నాన్నా. 1996 తుపానుకు కొబ్బరితోట నేలకూలాక అప్పులు, పచ్చడి మెతుకులతో గడిపిన ఏళ్లు, మీ మామయ్య పోయాక ఒంటరి ఇల్లు. ఇవేవీ మందుల చీటీలో ఉండవు. ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం ముప్పును పెంచుతుంది. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక కమిషన్నే వేసింది. పక్క మంచం ముక్కామల ఆవిడ ఊరెళ్లిన వారమంతా అత్తయ్య రెండు ముద్దలకే లేచిపోయిందట. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి కూర్చుని తింటున్నారు. హైదరాబాదులో గదికి ఏసీ ఉంటుంది, సరే. ఎదురుగా కూర్చుని ఇంకో ముద్ద తినమనేది ఎవరు?

నీ ఇంటర్ రెండేళ్లూ క్యారేజీ కట్టిన చేయి అది. మార్చాలనుకుంటే ముందు ఆమెను అడుగు. ఆదివారం పదకొండింటికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.

మజ్జిగ తాగుతున్నావా? ఎండలో బండి మీద తిరగకు. జాడీ ఎవరితో పంపాలో, పిన్ని చెప్పింది నిజమో కాదో, రెండూ వెంటనే చెప్పు.

మీ అమ్మ