అడయార్ నదిలో ఇసుక తీశారు సరే, బురద సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

అడయార్ నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక తవ్వుతున్నారని మీ చెన్నై పేజీలో వార్త రాగానే మా వీధిలో అందరూ ఇక వానాకాలం టెన్షన్ తీరిపోయిందన్నట్టు మాట్లాడుకుంటారు. మొగ తెరవాల్సిందే, కాదనను. కానీ అక్కడ మేట వేసేది అలలు తీరం వెంట తోసుకొచ్చిన ఇసుక. నది లోపల పేరుకునేది సన్నటి బురద, దాని తీరే వేరు.

బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కూడా ఉండదు. కదలని మంచినీళ్లలో అది మీటరు లోతు దిగాలన్నా రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే నది పారినంతసేపూ తేలుతూ వచ్చేస్తుంది. ఈ రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం (రుణావేశం) ఉండడంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పునీరు తగిలేసరికి ఆ నెట్టుడు తగ్గి, అంటుకుని, ఉండలు కట్టి త్వరగా అడుగుకు చేరతాయి. రెండు గాజు గ్లాసుల్లో బంకమట్టి కలిపిన నీళ్లు పోసి, ఒకదాంట్లో చెంచాడు ఉప్పు వేసి చూడండి (పిల్లలకు తప్పకుండా చూపించాలి), ఉప్పు వేసిందే ముందు తేటపడుతుంది.

పైగా పోటు వేళ బరువైన ఉప్పునీరు అడుగు నుంచి లోపలికి వస్తూ ఆ మట్టిని మళ్లీ ఎగువకే నెడుతుంది. చెన్నైలో పోటుకీ పాటుకీ తేడా మహా అయితే మీటరు, మొగ మూసుకుపోతే ఆ కాస్త కదలిక కూడా ఉండదు, ఇక బురదను సముద్రంలోకి కడిగేయాలంటే వరదే రావాలి.

మొగకు దగ్గర్లోని పాత విరిగిన వంతెన దగ్గర నీరు తగ్గినప్పుడు కర్రతో గుచ్చి చూస్తే పైన బూడిదరంగు పొర, కింద నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. సీసం, క్రోమియం లాంటి లోహాలు ఇసుకకు పెద్దగా అంటవు, ఈ సన్న మట్టినే పట్టుకుంటాయి. నా బాధంతా ఇక్కడే. తవ్విన బురదను గట్టు మీదే కుప్పపోసి వదిలేస్తే అక్టోబరు వానలకు మళ్లీ నీళ్లలోకే జారుతుంది, మా వైపు కాలువల పక్కన ఇలాంటి కుప్పలు చూస్తూనే ఉన్నాం.

ఇసుకను తీరం కోతకు గురవుతున్న ఉత్తరం వైపు వేసుకోవచ్చు. బురదను మాత్రం ముందు పరీక్ష చేయించి, వాననీటికి కొట్టుకుపోని చోటికి తరలించాలి. మీ విలేకరులు ఈసారి ఎన్ని లారీలు తీశారన్నదే కాకుండా ఆ లారీలు ఎక్కడ ఖాళీ చేశాయో, పరీక్ష జరిగిందో లేదో కూడా అడిగి రాయాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు, అడయార్, చెన్నై