పరధ్యానం అని రాసి వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కొందరిలో కుదురుగా ఉండలేకపోవడం) గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఉన్నదంతా బల్లలెక్కి దూకే మగపిల్లాడి సంగతే. మా అమ్మాయి బల్లలెక్కదు. కూర్చున్నచోటే కూర్చుంటుంది, అందుకే 11 ఏళ్లు వచ్చేదాకా ఎవరి కంటా పడలేదు.

లెక్కంతా సరిగ్గా చేసి, చివర్లో కూడికను తీసివేతగా ఎక్కిస్తుంది. మూడు పనులు చెబితే మొదటిది చేసి అక్కడే నిలబడిపోతుంది. బొమ్మలు వేస్తుంటే మాత్రం రెండు గంటలైనా పిలుపు వినబడదు. "దీనికి లేని శ్రద్ధ దానికెలా వచ్చింది? ఒట్టి బద్ధకం" అని తిట్టింది నేనే. దానికి శ్రద్ధ లేక కాదు, కావలసినచోటికి మళ్లించుకోవడం చేతకాక అని డాక్టరు చెప్పాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాప గురించి ఆ డాక్టరమ్మ అడిగినవాటికి జవాబులు చెబుతూ మధ్యలో ఆగిపోయాను. అవన్నీ నా సంగతులే. నాకు 43 ఏళ్లు. నా సంగతి చూపించుకుందామని ముందు వేరే వైద్యుడి దగ్గరికి వెళ్తే, ఇది చిన్నపిల్లలకొచ్చేది అని పంపేశారు. పాప డాక్టరు మాత్రం నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. మానసిక సమస్యలను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5 ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడి ఉండాలట. అంతకుముందు 7 ఏళ్లలోపు అనేవారు. ఇంట్లోనూ బయటా, కనీసం రెండుచోట్ల ఇబ్బంది ఉండాలి. మా అమ్మ దాచిన కార్డుల్లో మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా, నాలుగు వేర్వేరు చేతిరాతల్లో ఒకటే మాట: "తెలివైనది, పరధ్యానం ఎక్కువ." నలుగురూ చూశారు, రాశారు, అక్కడితో వదిలేశారు.

అమ్మ ఏడ్చింది, తన పెంపకంలోనే లోపమేమోనని. ఇది పెంపకం వల్ల వచ్చేది కాదమ్మా, కవలల మీద చేసిన అధ్యయనాల్లో వంశపారంపర్యం వాటా 70 నుంచి 80 శాతం దాకా తేలింది అని చెప్పాను. ఎంత నమ్మిందో తెలియదు.

పాప మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వేసుకుంటోంది. ఆకలి కాస్త తగ్గింది. ఎత్తు, బరువు, బీపీ చూస్తున్నారు. పనులు ఇప్పుడు ఒక్కొక్కటే చెబుతున్నాను, రెండోది కాగితం మీద రాసి పెడుతున్నాను. ఆ కాగితం నాకూ పనికొస్తోంది.

అల్లరి చేయని పిల్లల గురించీ, పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్ల గురించీ మరో వ్యాసం వేయండి. ప్రోగ్రెస్ కార్డు మీద "పరధ్యానం" అని రాయబోయే టీచరు ఒక్కరైనా చదివి, ఆ తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాలని నా కోరిక.

— ఒక పాఠకురాలు