ఎమ్‌జీబీ పని: రంగు మాట చివర్లో

కన్నా,

కారు ఇంకా షెడ్డులోకి రానేలేదు, అప్పుడే ఏ రంగు వేద్దామని అడుగుతున్నావు. రంగు చిట్టచివరి పని. మొదట చూడాల్సింది తలుపుల కింద పొడుగునా ఉండే రేకు దూలాలు, అంటే సిల్లులు.

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఈ ఎమ్‌జీబీ కారుకి విడిగా ఛాసిస్ (భారం మోసే ఫ్రేము) ఉండదు, బాడీయే ఛాసిస్. మనది 1969 రోడ్‌స్టర్, పైకప్పు ఆసరా కూడా లేదు. ఆ భారమంతా సిల్లుల మీదే. బయటికి ఒకటే రేకు కనిపిస్తుంది గానీ లోపల ఇంకా పొరలున్నాయి. ముందు చక్రాల వెనక నుంచి బురద లోపలికి చేరి నీళ్లు పోయే చిల్లులు పూడిపోతే, తుప్పు లోపలి నుంచే తినుకుంటూ వస్తుంది. చాలామంది ఆ కుళ్లు మీదే కొత్త రేకు అతికించి రంగు కొట్టి అమ్మేస్తారు. నువ్వు అయస్కాంతం పట్టుకుని సిల్లు పొడుగునా జరుపు. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టే. తలుపు వెనక అంచు దగ్గర సందు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే బాడీ నడుము వంగిందన్నమాట.

కోసే ముందు తలుపు చోట ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య ఇనుప గొట్టం వెల్డింగ్ చేసి బిగించాలి. లేకపోతే సిల్లు తీయగానే బాడీ వంగుతుంది, ఆ తర్వాత తలుపు ఎప్పటికీ సరిగ్గా పడదు. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క. కొత్త సిల్లు క్లాంపులతో పట్టించి, తలుపు బిగించి, వేసి తీసి చూసి, అప్పుడే వెల్డింగ్. ఆ పని నాది. దానికి ముందే పెట్రోలు ట్యాంకు విప్పి బయట పెడదాం, సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీలూ తీసేద్దాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకు, స్టాండ్లు పెట్టాల్సిందే.

పానాల విషయం. ఈ కారు బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మి.మీ., 13 పానా పట్టినట్టే పట్టి జారుతుంది, మూలలు అరిగిపోతాయి. తుప్పు పట్టిన బోల్టుకి ముందురోజు రాత్రే నూనె పోసి ఉంచు.

ఇంజను దగ్గర నీకు పనెక్కువ. వరస మార్చకు: వాల్వు సందు 0.015 అంగుళం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్ల సందు కూడా 0.015, స్పార్క్ ప్లగ్గులది 0.025. ఆ తర్వాత టైమింగ్, అంటే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేయడం. ఇవన్నీ కుదిరాకే కార్బొరేటర్లు. పాయింట్ల సందు తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, చాలామంది ఆ తప్పు కార్బొరేటర్ మీద వేసి దాన్ని తిప్పుతూ కూర్చుంటారు.

రెండు ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లలోనూ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) పైఅంచుని గాలి దారిలోని గట్టుతో సమం చేసి, కింది నట్టు రెండు చుట్లు దించి మొదలుపెట్టు. ఇంజను వేడెక్కాక రెండిట్లోకీ గాలి పోయే చప్పుడు ఒకేలా ఉందేమో చిన్న రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని విను. తర్వాత పక్కనున్న పిన్నుతో కార్బొరేటర్ లోపలి పిస్టన్‌ని ఒక్క మిల్లీమీటరు కూడా మించకుండా ఎత్తు. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది, నట్టు పైకి. పడిపోతే తక్కువైంది, కిందికి. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది. నట్టుకున్న ఆరు పలకల్లో ఒక్కో పలకే తిప్పు. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడితే డ్యాష్‌పాట్‌లో, అంటే ఆ పిస్టన్ పైనున్న గిన్నెలో, నూనె చూడు.

పెట్రోలు గొట్టాలన్నీ మార్చేద్దాం. ఇక్కడ బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపింది), ఆ ఇథనాల్ పాత రబ్బరుని పాడుచేస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే, ఆర్9 గుర్తున్న గొట్టం కొను.

ఏది విప్పినా ముందు ఫొటో తియ్యి. ఏ చోటి బోల్టులు ఆ చోటి సంచిలో వేసి పేరు రాయి. రంగు సంగతి, తలుపుల సందులు రెండు పక్కలా కుదిరిన రోజు మాట్లాడుకుందాం.

అమ్మ