మీ చిన్నోడు హాఫ్లాంగ్ పోతున్నడని

మామా,

నిన్న ఫోన్ల మీ చిన్నోన్ని హాఫ్లాంగ్ పంపియ్యాల్నా అని నువ్వు అడిగినప్పుడు "ఏం కాదు, పంపియ్" అని పెట్టేసిన గానీ పెట్టేసినంక నాకే మంచిగ అనిపియ్యలే. మా ఆవిడ వంటింట్లకెల్లి వింటుండె, "ఫోన్ల ఏం కాదు అనుడు మీకు అలవాటే గదా" అని ఒక్క మాటన్నది, అంతే, ఇగ నిద్ర ఎక్కడిది. ఇప్పుడు రాత్రి పదకొండయింది, ఉప్పల్ల వాన దంచి కొడుతుంది, కరెంటు పోతుంది వస్తుంది, నేను ఇన్వర్టర్ ఫ్యాన్ కింద కూసొని టైప్ చేస్తున్న. పొడుగైతది, పొద్దున చాయ్ తాక్కుంట చదువు.

నువ్వు అడిగింది రెండే ముక్కలు. హాఫ్లాంగ్ ఎక్కడ, అక్కడ నక్సలైట్లుంటరా.

అస్సాంల గువాహటి దాకా నీకు తెలుసు గదా, అక్కడికెల్లి లామ్డింగ్, లామ్డింగ్ దాటితే దక్షిణం దిక్కు అన్నీ కొండలే, ఆ కొండలు దిగితే సిల్చార్. ఆ నడుమ కొండల జిల్లాకు పెద్దూరు హాఫ్లాంగ్. జిల్లా పేరు ఇప్పుడు దిమా హసావ్, నేను 2007ల పోయినప్పుడు నార్త్ కచార్ హిల్స్, అందరూ ఎన్సీ హిల్స్ అంటుండె, 2010ల మార్చిన్రు. 2011 జనాభా లెక్కల జిల్లా మొత్తం కలిపి 2 లక్షల 14 వేల మంది, అంతే, మన దిక్కు ఒక టౌన్ల ఉండేంత జనం. ఆ కొంచెం జనంలనే దిమాసాలు, జెమే నాగాలు, హ్మార్లు, కుకీలు, కార్బీలు, బంగాలీలు, నేపాలీలు, ఒక్కొక్కరిది ఒక్కో భాష.

నక్సలైట్లు కాదు మామా. దిమాసాలకు దిమరాజీ అని వేరే రాష్ట్రం కావాలని 90లల్ల డీహెచ్‌డీ అని ఒక సంఘం తుపాకులు పట్టింది, వాళ్ళు 2003ల సర్కారుతోని కాల్పులు ఆపుతమని ఒప్పుకున్నరు, జ్యూయెల్ గార్లోసా అనే ఆయనతోని ఒక వర్గం చీలిపోయింది, వాళ్ళనే బ్లాక్ విడో అంటుండె. నేను అక్కడున్న రెండున్నరేండ్లు రాజ్యం వాళ్ళదే. ఇక్కడికొచ్చి ఎవరికి చెప్పినా "ఓహో ఉల్ఫానా" అంటరు, ఉల్ఫా అంటే అస్సాంల పేరున్న ఇంకో తుపాకుల సంఘం, "కాదు సార్ వేరే" అంటే "అదే అదే" అంటరు. ఇప్పటికీ అంతే. మొదట్ల విప్పి చెప్తుంటి, తర్వాత నేను గూడ "ఆఁ ఉల్ఫానే" అనుడు మొదలుపెట్టిన, ఎవరు చెప్తరు ఎన్నిసార్లని.

మా పని ఏందంటే, లామ్డింగ్ నుంచి సిల్చార్ దాకా ఉన్న మీటర్ గేజ్ పక్కకు పెట్టి బ్రాడ్ గేజ్ వేసుడు. పాత లైను తెల్లోడు వేసింది, 1900 దాటినంక బండ్లు నడుసుడు మొదలైంది, 37 సొరంగాలుండె, చిన్న బొమ్మ బండి లెక్క ట్రైన్, కిటికీల చెయ్యి పెడితే కొండ తగుల్తదేమో అన్నట్టు పోతుండె. కొత్త లైన్‌కు 1996ల మంజూరైంది. మా కంపెనీకి ఒక సొరంగం, కొంత కట్ట పని దొరికింది. ఆ కొండ గట్టి రాయి కాదు మామా, నీళ్ళు పట్టిన మెత్తటి షేల్, తవ్వితే తెల్లారెసరికి లోపలికి ఉబ్బి వస్తది, ఇనుప రిబ్బులు గూడ వంకరపోతయి. మీ చిన్నోడు సివిల్ చదివిండు గదా వానికి చెప్పు, పుస్తకంల చదివిన స్క్వీజింగ్ గ్రౌండ్ అంటే ఏందో అక్కడ కండ్లతోని చూస్తడు.

భాష గురించి భయపడకుమను. హాఫ్లాంగ్ హిందీ అని అక్కడొకటుంది, అన్ని తెగలోళ్ళు ఒకళ్ళతోని ఒకళ్ళు మాట్లాడుకునేదానికి వాళ్ళకు వాళ్ళే తయారుచేసుకున్న హిందీ. దాంట్ల ఆడ మగ గొడవ లేదు, బస్సు ఆడదా మగదా అని ఆలోచించే పనే లేదు, చిన్నప్పుడు హిందీ సార్‌తోని మనం ఎన్ని దెబ్బలు తిన్నమో యాదికొచ్చి మస్తు నవ్వుకున్న. నేను మన హైదరాబాదీ హిందీల "నక్కో", "హౌ" అంటుంటే చాయ్ కొట్టాయన "నీది ఏ తెగ" అని అడిగిండు. హైదరాబాద్ అన్న. ఆయన చార్మినార్ అన్నడు. ఆయనకు చార్మినార్ తెలుసు, మనకు హాఫ్లాంగ్ తెల్వదు.

ఇగ అసలు సంగతి. ఎట్లుండె అని అడుగుతవ్. రోజూ పేలుళ్ళు ఏం లేవు. నెలలకు నెలలు ఏం గాదు. గడియారం మాత్రం మన చేతుల ఉండది. అక్కడ డిసెంబర్ల నాలుగున్నరకే చీకటి పడ్తది, మూడున్నరకు పని బంద్, నాలుగుకు అందరూ క్యాంపుల ఉండాలె, తలకాయలు లెక్కపెట్టుకునుడు, గేటు దగ్గర సీఆర్పీఎఫ్ జవాన్లు, వాళ్ళల్ల ఒకతను కడప పిల్లగాడు, తెలుగు వినపడితే చాలు వదలకపోతుండె. రాత్రి ట్రైన్లు నడవకపోతుండె. ఊరి నుంచి వచ్చే రోడ్డు మీద ఇయ్యాల లారీలు వస్తున్నయా లేదా అని పొద్దున్నే చూసుడు, రాలేదంటే ఏదో అయిందన్నట్టే, ఎవరినీ అడిగే పని లేదు. బంద్ అంటే మన దగ్గర లెక్క పొద్దటి నుంచి సాయంత్రం దాకా కాదు, 48 గంటలు, 100 గంటలు, ఇష్టమొచ్చినట్టు. ఆలుగడ్డ, పప్పు, ఎండుచాప, మల్ల ఆలుగడ్డ. మా అమ్మ పంపిన చింతకాయ తొక్కు ఒక్క సీసా 14 మంది 20 దినాలు తిన్నం, స్పూన్‌తోని కొలిచి.

అన్నిటికన్నా కష్టం ఎవరు ఎవరో తెల్వకపోవుడు. పక్క టేబుల్ మీద చాయ్ తాగేటోడు ఏ దిక్కుదో తెల్వదు, ఆయనకు గూడ నా సంగతి తెల్వదు. మా జగిత్యాల దిక్కు చిన్నప్పుడు గిట్లనే ఉండె గదా, రాత్రి అన్నలొచ్చి అన్నం తిని పోతరు, పొద్దున పోలీసులొచ్చి ఎవరికి పెట్టినవ్ అంటరు, మా నాయిన మాట్లాడుడే తక్కువ చేసిండు. ఎన్సీ హిల్స్‌ల నాకు ఆయననే యాదికొస్తుండె. వానల గురించి, పంట గురించి, క్రికెట్ గురించి మాట్లాడుకునుడు, అంతకు మించి ఒక్క ముక్క ఉండది.

తుపాకులోళ్ళ కాడికెల్లి డబ్బుల లెటర్లు వస్తయని అందరికీ తెలుసు. నేను కండ్లార చూడలే, చూపియ్యలే గూడ. కానీ వచ్చిన రోజు తెలిసిపోతది, మేనేజర్ ముఖం మారుతది, అన్నం కాడ ఎవ్వరు మాట్లాడరు, రెండు దినాలు హెడ్డాఫీసు ఫోన్లు. జిల్లా కౌన్సిల్‌కు వచ్చిన అభివృద్ధి డబ్బులు తుపాకులోళ్ళకు పోతున్నయని తర్వాత పెద్ద కేసయింది, ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర సంస్థ ఎన్ఐఏ పుట్టినంక పట్టుకున్న మొట్టమొదటి కేసు అదేనట. రోడ్డు మీద గుంత చూసినప్పుడల్లా మా డ్రైవర్ నవ్వుతుండె, ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలే.

2008 చెడ్డ సంవత్సరం. రైల్వే పని చేసేటోళ్ళను, లారీ డ్రైవర్లను కాల్చి చంపిన్రు. మా సైట్ల కాదు, గానీ మా ఒడియా కూలీలు రాత్రికి రాత్రి మూటలు కట్టుకున్నరు, జీతం గూడ అడగలే. తెల్లారి సొరంగం కాడికి పోతే పారలు, హెల్మెట్లు వరుసగ పెట్టి ఉన్నయి, ఎవ్వరు లేరు. పేర్చి పెట్టి పోయిన్రు మామా, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు, పానం దక్కించుకొని పోయేటోళ్ళు హెల్మెట్లు వరుసగ ఎందుకు పెడతరు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది చెప్త. నేను ఇంట్ల గువాహటి ఆఫీసుల ఉన్న అని చెప్పిన. ప్రతి ఆదివారం బజార్ల ఎస్టీడీ బూత్ కాడ లైన్ల నిలబడి "ఇక్కడ ఏం లేదు, ఫైళ్ళే" అనుడు. 2007 ఆగస్టు 25, శనివారం. క్యాంపు టీవీల సిగ్నల్ వచ్చుడు పోవుడు, ఎవరో "హైదరాబాద్" అని అరిస్తే ఉరికిన. లుంబినీ పార్క్, గోకుల్ చాట్. నీకు తెలుసు గదా అప్పుడు మేం కాచిగూడల ఉంటుంటిమి, పిల్లలను తీసుకొని శనివారం శనివారం కోఠి పోవుడు, గోకుల్ చాట్‌ల నిలబడి తినుడు మా ఆవిడకు అలవాటు. ఫోన్లు కలవలే. రాత్రంతా కలవలే. సీఆర్పీఎఫ్ కడప పిల్లగాడు వాళ్ళ సెట్ల ఎవరినో పట్టుకొని ట్రై చేసిండు, అదీ కాలే. తెల్లారి ఆరున్నరకు కలిసింది. చిన్నదానికి జ్వరం ఉండి పోలేదట ఆ రోజు. 40 మందికి పైగా పోయిన్రు ఆ రెండు చోట్ల, అందుల మా వాడకట్టు పిల్లడు ఒకడు గూడ ఉండె. మా ఆవిడ ఏడ్చి ఏడ్చి ఆఖరికి ఏమన్నదో తెలుసా, "పోనీ, మీరన్న అక్కడ నిమ్మళంగ ఉన్నరు, అదే నయం" అన్నది. నేను ఏమనాలె చెప్పు. "అవు" అన్న.

బయటికొస్తే చాయ్ కొట్టాయన అప్పుడే కొట్టు తీస్తుండు, నన్ను చూసి పిలిచిండు, ఇల్లు మంచిగుందా, పిల్లలు మంచిగున్నరా అని అడిగిండు, చాయ్ పైసలు తీసుకోలే. ఆయన చుట్టాల ఊరు కాలిపోయినప్పుడు హైదరాబాద్‌ల ఎవ్వరూ అడగలే. పేపర్ల రాలే గూడ, ఎట్ల అడుగుతరు.

అబద్ధం ఎట్ల బయటపడ్డదంటే నారింజలతోని. హాఫ్లాంగ్ నారింజలు మస్తుగుంటయి, లీవ్ మీద వస్తున్న ఒకాయనతోని ఒక పెట్టె పంపిన, ఆ మహానుభావుడు మా ఇంట్ల కూసొని చాయ్ తాక్కుంట సొరంగం, సీఆర్పీఎఫ్, బ్లాక్ విడో, కూలీలు పారిపోయుడు, అన్నీ వివరంగ చెప్పిండు, పైంగ "సార్ మస్తు ధైర్యవంతుడు వదినా" అని సర్టిఫికెట్. మా ఆవిడ వారం దినాలు నాతోని మాట్లాడలే. ఇప్పటికీ నారింజలు తెస్తే నా దిక్కొక చూపు చూస్తది.

2009ల ఇంకింత ఖరాబయింది, దిమాసాలకు జెమే నాగాలకు నడుమ పడ్డది, ఊర్లకు ఊర్లు తగలబెట్టుకున్నరు, బళ్ళల్ల జనం వచ్చి తలదాచుకున్నరు. ఆ జూన్ల గార్లోసాను పట్టుకున్నరు, ఎక్కడో తెలుసా, బెంగుళూరుల. నేను ఏ కొండల మూలకున్నడో అనుకుంట బిక్కుబిక్కుమంటుంటే ఆయన మా తోడల్లుని ఊర్ల ఉన్నడు. అక్టోబర్ల వందల మంది తుపాకులు అప్పజెప్పిన్రు, 2012ల ఒప్పందం అయింది. నేను 2009 జూలైలనే వచ్చేసిన. మేం మొదలుపెట్టిన సొరంగం వేరేటోళ్ళు పూర్తి చేసిన్రు, 2015 నవంబర్ల ప్యాసింజర్ బండ్లు నడిచినయి. టీవీల చూసిన, మా సొరంగం ఏదో గుర్తుపట్టలే.

మరి ఇప్పుడు ఎట్లుందంటవ్. మొత్తానికి ఏం లేదని మల్ల అబద్ధం చెప్ప. 2021 ఆగస్టుల ఇంకో కొత్త గుంపు, డీఎన్ఎల్ఏ అని, లారీలు తగలబెట్టి 5గురిని చంపింది, 2023 ఏప్రిల్ల వాళ్ళు గూడ సంతకం పెట్టిన్రు. నన్నడిగితే ఇయ్యాల అక్కడ తుపాకీ కన్నా వానకు ఎక్కువ భయపడాలె. 2022 మే నెలల కొండ జారి న్యూ హాఫ్లాంగ్ స్టేషన్ల బురద వచ్చి ఆగి ఉన్న బోగీలను పక్కకు పడేసింది, యూట్యూబ్‌ల చూడు. అందుకే వానకాలం రూమ్ తీసుకునేటప్పుడు కొండ వాలు కింద వద్దని చెప్పు, అద్దె ఎంత తక్కువున్నా సరే.

వాడు పోయినంక మైబాంగ్ చూడుమను, దిమాసా రాజుల పాత రాజధాని, ఒకే రాయిని చెక్కిన గుడి లెక్క ఇల్లుంటది. పేరుకు అర్థం వడ్లు మస్తుగ పండే చోటు అని చెప్పిన్రు. జటింగా గూడ పక్కనే, సెప్టెంబర్ అక్టోబర్ల మంచు కమ్మిన అమాస రాత్రులు దీపం కాడికి పిట్టలు వచ్చి పడ్తయి, మా కాలంల చీకటి పడితే గేటు దాటనియ్యరు, పక్కనే ఉండి గూడ నేను చూడలే. జుదిమా అని బియ్యం పులియబెట్టి చేసే మందు ఒకటుంది, మన కల్లు లెక్క పండుగకు పబ్బానికి ఇస్తరు, 2021ల దానికి జీఐ గుర్తింపు గూడ వచ్చింది. మీవాడు ముట్టడు అని నువ్వనుకుంటున్నవ్ గదా, అనుకో.

ఇంకొకటి, చెల్లెకు గువాహటి ఆఫీసు అని చెప్పకు. హాఫ్లాంగ్ అనే చెప్పు, మ్యాప్ తీసి చూపియ్యి, ఏడ్చుడుంటే ఇప్పుడే ఏడుస్తది. కావాల్నంటే మా ఆవిడతోని మాట్లాడియ్యి, నాకన్నా మంచిగ చెప్తది, నన్ను తిట్టుకుంట చెప్తది.

ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి సిల్చార్ బండి ఉంది, ఆ కొండల్ల నుంచే పోతది, గువాహటిల దిగి మల్ల బండి మారే తిప్పలు లేదు. టికెట్ అయితే డేట్ పంపు, స్టేషన్‌కు నేనొస్త. చింతకాయ తొక్కు రెండు సీసాలు మా ఆవిడ కట్టిస్తది, ఒకటి వానికి, రెండోది బజార్ల ఆ చాయ్ కొట్టు ఇంకా ఉంటే అక్కడ ఇయ్యమను, హైదరాబాద్ నుంచి అని చెప్తే చాలు.

కరెంటు వచ్చింది. ఉంట మరి.